బెంజమిన్ రసెల్: ఒక చేతిలో పత్రిక, ఇంకో చేతిలో శాసనసభ స్థానం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. బోస్టన్‌లో 'కొలంబియన్ సెంటినెల్' పత్రికకు యజమానిగా, సంపాదకుడిగా ఉంటూనే బెంజమిన్ రసెల్ ఏళ్ల తరబడి మాసచూసెట్స్ శాసనసభలో సభ్యుడిగా ఎలా కొనసాగాడు, ఆ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండటాన్ని నాటివారు తప్పుపట్టలేదా అన్నది మొదటిది. ఒక పార్టీకి లాభం కలిగేలా నియోజకవర్గాల హద్దులను వంకరగా గీయడాన్ని చెప్పే 'జెరీమాండర్' అనే మాటను పుట్టించినది ఆయనేనా అన్నది రెండవది. రెండవదానికి జవాబు చిన్నది, దాన్ని దాని చోట చెబుతాను. మొదటిదానికి మాత్రం ఆయన జీవితం తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. ఆయన గురించి మనకు తెలిసిన కథల్లో చాలా భాగం బోస్టన్‌కే చెందిన మరో సంపాదకుడు జోసెఫ్ బకింగ్‌హామ్ 1850లో ప్రచురించిన జ్ఞాపకాల నుంచి వచ్చినవేనని ముందే గుర్తుంచుకోవాలి. బకింగ్‌హామ్ రసెల్‌ను దగ్గరగా ఎరిగినవాడు, అభిమానించినవాడు, తానూ శాసనసభలో కూర్చున్నవాడు. కాబట్టి ఆయన చెప్పిన ముచ్చట్లు విలువైనవే గాని, పత్రిక పాత సంచికల్లో కనిపించే రుజువుతో సమానమైనవి కావు.

రసెల్ 1761 సెప్టెంబరు 13న బోస్టన్‌లో పుట్టాడు. బ్రిటిష్ సైన్యం లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాల మీదికి కదలడంతో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19 నాటికి ఆయనకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఆ రోజు బ్రిటిష్ సేనాని పెర్సీ నాయకత్వంలో బయలుదేరిన సహాయక దళం వెంటబడి బడిపిల్లలు కొందరు కేంబ్రిడ్జి దాకా నడిచి వెళ్లారు. వారిలో రసెల్ ఒకడు. సాయంత్రానికి పరిస్థితి తారుమారైంది. వలసల పౌరసైనికులు బోస్టన్‌ను చుట్టుముట్టడంతో ఊళ్లోకి దారులు మూసుకుపోయి, ఆ పిల్లలు బయటే చిక్కుకున్నారు. ఇంటివారి కబురు తెలియకుండా ఆ కుర్రవాడు కొన్ని నెలలు వలస సైన్యపు శిబిరంలోనే చిన్నాచితకా పనులు చేస్తూ గడిపాడు. చివరకు తండ్రి కంటబడ్డాడు. ఆయన కొడుకును ఆ ఏడాది ఆగస్టులో వూస్టర్ ఊరికి తీసుకువెళ్లి ఐజయా థామస్ అచ్చుకూటంలో శిష్యుడిగా చేర్పించాడు.

ఆ గురువు ఎవరన్నది ముఖ్యం. థామస్ 'మాసచూసెట్స్ స్పై' పత్రిక సంపాదకుడు. పోరాటం మొదలయ్యే ముందురోజుల్లోనే తన ముద్రణయంత్రాన్ని రాత్రికి రాత్రి బోస్టన్ నుంచి దాటించి వూస్టర్‌లో నిలబెట్టుకున్నవాడు. ఆ అచ్చుకూటంలో పెరిగిన కుర్రవాడికి పత్రిక అంటే ముందుగా ఒక పక్షాన నిలబడే పని. వార్తలు అమ్ముకోవడం ఆ తరువాతది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరుసలో పేర్చడం, సిరా అద్దడం, చేతియంత్రం మీద ఒక్కో కాగితాన్ని లాగడం ఇవన్నీ నేర్చుకుంటూనే, పేర్చే ప్రతి పేరానూ చదవక తప్పదు గనుక, కళాశాల ముఖం చూడని చాలామంది అచ్చుపనివాళ్లలాగే ఆయన కూడా రాజకీయాన్ని వేలికొసలతో నేర్చుకున్నాడు. 1780లో థామస్‌కు సైన్యసేవ వంతు వచ్చినప్పుడు ఆయన బదులు రసెల్ వెళ్లి కొన్ని నెలలు పనిచేశాడు. బ్రిటిష్ గూఢచారి మేజర్ ఆండ్రేను అక్టోబరు 2న ఉరితీసినప్పుడు అక్కడ కాపలా నిలిచిన సైనికుల్లో తానూ ఉన్నానని తరువాత చెప్పుకునేవాడు.

యుద్ధం ముగిశాక, 1784 మార్చి 24న, విలియం వార్డెన్ అనే భాగస్వామితో కలిసి బోస్టన్‌లో 'మాసచూసెట్స్ సెంటినెల్' పత్రికను ప్రారంభించాడు. వార్డెన్ 1786లో చనిపోవడంతో పత్రిక పూర్తిగా రసెల్ చేతికి వచ్చింది. 1790 జూన్ నుంచి దాని పేరు 'కొలంబియన్ సెంటినెల్' అయింది. బుధవారం, శనివారం వెలువడే నాలుగు పేజీల పత్రిక అది. ఓడల రాకపోకలు, సరుకుల ప్రకటనలు, ఐరోపా వార్తలు, శాసనసభ సమాచారం, మారుపేర్లతో వచ్చే రాజకీయ వ్యాసాలు అందులో నిండి ఉండేవి. రసెల్ స్వయంగా పొడవైన వ్యాసాలు రాసేవాడు కాదు. ఆయన బలమంతా నాలుగైదు పంక్తుల పేరాలో, వాటి మీద పెట్టే శీర్షికలో, మధ్యలో వాలు అక్షరాలతో పొడిచే ఎత్తిపొడుపులో ఉండేది. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటికీ మూలం ఈ నేర్పే: ఒక రాజకీయ ఘటన జరుగుతుండగానే దానికి ఒక రూపమో పేరో ఇచ్చి, దాన్ని పదిమంది నోట పలికించడం. 1792 తపాలా చట్టం ప్రకారం సంపాదకులు ఒకరి పత్రిక ఒకరికి తపాలా రుసుము లేకుండా పంపుకోవచ్చు. అందువల్ల బోస్టన్‌లో అచ్చయిన పేరా కొద్దివారాల్లో దక్షిణ రాష్ట్రాల పత్రికల్లోనూ తేలేది. ఆ రోజుల్లో సంపాదకుడి పలుకుబడి ఆయన చందాదారుల సంఖ్యను మించి ఉండటానికి ఇదే కారణం.

శాసనసభతో అచ్చుకూటాలవారి తొలి అనుభవం చేదుగానే మొదలైంది. యుద్ధపు అప్పుల భారంలో ఉన్న మాసచూసెట్స్ శాసనసభ 1785లో పత్రికల మీద ముద్రపన్ను వేసింది. ఇరవై ఏళ్ల కింద బ్రిటన్ వేసిన ముద్రపన్ను మీదే కదా తిరుగుబాటు చేశాం అని జనం ఎగతాళి చేయడంతో దాన్ని రద్దుచేసి, బదులుగా ప్రకటనల మీద పన్ను పెట్టింది. పత్రిక బతికేది ప్రకటనల మీద గనుక ఇది ఇంకా గట్టిగా తగిలింది. థామస్ అయితే 'స్పై'ని ఆపివేసి, ఆ పన్ను పోయే 1788 దాకా దాని స్థానంలో మ్యాగజైన్ తరహా ప్రచురణ ఒకటి నడిపాడు. ఒక చిన్న చట్టం తమ పొయ్యి ఆర్పగలదని బోస్టన్ అచ్చుకూటాలవారికి తెలిసివచ్చిన సందర్భం ఇది. శాసనసభలో తమ మనిషి ఒకడు ఉండాలన్న ఆలోచన వారికి దురాశగా కాక ఆత్మరక్షణగా కనిపించి ఉంటుందని నా అంచనా.

రసెల్ జీవితంలో అసలు ఘట్టం 1787, 1788 సంవత్సరాల రాజ్యాంగ చర్చ. ఫిలడెల్ఫియాలో రాసిన కొత్త రాజ్యాంగాన్ని ఒక్కో రాష్ట్రం ప్రత్యేక సభ పెట్టి ఆమోదించాలి. రసెల్ మొదటినుంచీ ఆమోదం పక్షాన నిలిచాడు. 1787 అక్టోబరులో ఆయన ఒక నియమం ప్రకటించాడు: రాజ్యాంగాన్ని వ్యతిరేకించే వ్యాసాలు తన పత్రికలో రావాలంటే రచయిత తన అసలు పేరును ముద్రాపకుడికి ఇచ్చితీరాలి, ఎవరైనా అడిగితే ఆ పేరును బయటపెట్టే స్వేచ్ఛ ముద్రాపకుడికి ఉండాలి. మారుపేరుతో రాయడం మర్యాదగా చెల్లుతున్న కాలంలో ఇది ఎదుటిపక్షం నోరు నొక్కే ఉపాయమే. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ పత్రికల్లో కూడా దీని మీద దుమారం రేగింది. రసెల్ మీద నాకున్న అభ్యంతరాల్లో మొదటిది, పెద్దది ఇదే. శాసనసభ సభ్యత్వాన్ని ఎత్తిచూపి ఆయనను తప్పుపట్టేవారు చాలాసార్లు దీన్ని మరిచిపోతారు. అప్పటికి ఆయన శాసనసభలోకి రావడానికి ఇంకా పద్దెనిమిదేళ్లు ఉంది.

1788 జనవరిలో రాష్ట్ర ఆమోదసభ బోస్టన్‌లో కూడింది. వచ్చిన ప్రతినిధుల్లో వ్యతిరేకులే ఎక్కువన్న భయం ఫెడరలిస్టులకు, అంటే కొత్త రాజ్యాంగాన్ని, బలమైన కేంద్రాన్ని కోరుకునే పక్షానికి, ఉండేది. స్వాతంత్ర్య పోరాట నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ వంటి పెద్దమనిషి ఎటు మొగ్గుతాడో తెలియలేదు. నగరంలోని చేతివృత్తులవారు, అంటే ఓడలు కట్టేవారు, కమ్మరులు, తాళ్లు పేనేవారు, అచ్చుపనివారు, గ్రీన్ డ్రాగన్ అనే సత్రంలో సమావేశమై రాజ్యాంగానికి అనుకూలంగా తీర్మానాలు చేశారు. దేశమంతటికీ ఒకే వాణిజ్య విధానం వస్తే విదేశీ సరుకుల పోటీ తగ్గి తమకు పని దొరుకుతుందన్నది వారి ఆశ. వెండిపనివాడు పాల్ రివియర్, రసెల్ ఆ వర్గపు నాయకుల్లో ఉన్నారు. ఆ తీర్మానాలు ఆడమ్స్ మనసును మార్చాయని తరువాతి కాలంలో రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ ఒక ప్రసంగంలో నాటకీయంగా చెప్పాడు. అవి ఆయన మీద ప్రభావం చూపాయనడం సమంజసమే గాని, అంతా ఆ ఒక్క సాయంత్రం తేలిపోయిందనడం అతిశయోక్తి.

ఆమోదసభ చర్చలను రాసుకుని పత్రికలో అచ్చువేసినవారిలో రసెల్ ప్రముఖుడు. తనకు సంక్షిప్తలిపి రాదని, ఆ విద్య తెలిసినవారు అప్పట్లో బోస్టన్‌లోనే లేరని ఆయనే తరువాత చెప్పాడు. ప్రార్థనామందిరంలో సభ జరిగింది గనుక మొదట ఆయనకు ఉపదేశవేదిక మీదే చోటిచ్చారని, భక్తిపరులు కొందరు అభ్యంతరం చెప్పడంతో పక్కన వేరే పీట వేశారని కూడా చెప్పుకునేవాడు. ఇలా సేకరించిన చర్చలు అదే ఏడాది పుస్తకంగా వచ్చాయి. ఈనాటికీ మాసచూసెట్స్ ఆమోదసభ గురించి రాసేవారు వాటిని ఆశ్రయించక తప్పదు. ఆమోదం కోరుకునే మనిషి రాసుకున్న పాఠమని తెలిసి చదవాలి, అంతే.

ఆ జనవరి 16 సంచికలోనే ఆయన ప్రసిద్ధమైన బొమ్మ మొదటిసారి వచ్చింది. అప్పటికి ఆమోదించిన ఐదు రాష్ట్రాలను ఐదు నిలువు స్తంభాలుగా చూపి, ఆరవదైన మాసచూసెట్స్ స్తంభాన్ని ఒక చెయ్యి పైకెత్తుతున్నట్లు అచ్చువేశాడు. ఫిబ్రవరి 6న 168 ఓట్లకు వ్యతిరేకంగా 187 ఓట్లతో మాసచూసెట్స్ ఆమోదించింది. ఆ తరువాత ఒక్కో రాష్ట్రం చేరినకొద్దీ ఒక్కో స్తంభం పెరిగింది. ఆగస్టు 2 నాటి బొమ్మలో పదకొండు నిలబడి ఉంటే, ఉత్తర కరోలినా స్తంభం వాలుగా లేస్తూ కనిపిస్తుంది, రోడ్ ఐలండ్ స్తంభం విరిగి ఉంటుంది. దాని పునాది మంచిదే, ఇంకా కాపాడుకోవచ్చని పక్కన వ్యాఖ్య. చదువు రాని కూలివాడికి కూడా ఒక్క చూపులో ఎన్ని రాష్ట్రాలు చేరాయో తెలిసిపోయే చిత్రం ఇది. వ్యాసాల వాదనలతో విసిగిన పాఠకుడికి ఆమోదం అన్నది అప్పటికే సగం కట్టిన భవనంగా, ఇక ఆపడం తెలివితక్కువగా కనిపించేలా చేయడమే దీని ఉద్దేశం. దీన్ని కొందరు వార్తాచిత్రం అంటారు. నేనైతే ప్రచారచిత్రమనే అంటాను, అదీ మొదటి తరగతిది.

కొత్త ప్రభుత్వం ఏర్పడ్డాక తొలి కాంగ్రెసు చేసిన చట్టాలను రసెల్ రుసుము కోరకుండా అచ్చువేశాడని, కొన్నేళ్ల తరువాత లెక్క పంపమన్నప్పుడు చెల్లించబడినదని రాసి ఇచ్చాడని, సంగతి తెలిసిన వాషింగ్టన్ ఏడువేల డాలర్లు పంపించాడని బకింగ్‌హామ్ రాశాడు. కథ ఎంత నిజమైనా, అది చెప్పే సంబంధం నిజమే. ప్రభుత్వం నిలబడాలని ముద్రాపకుడు కోరుకుంటాడు, ముద్రాపకుడు నిలబడాలని ప్రభుత్వం కోరుకుంటుంది. మధ్యలో డబ్బు చేతులు మారుతుంది, దాన్ని ఎవరూ దాచరు.

1790ల దశాబ్దంలో సెంటినెల్ న్యూ ఇంగ్లండ్ ఫెడరలిస్టుల ప్రధాన గొంతు అయింది. 1791 వేసవిలో, ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించిన రచయిత థామస్ పెయిన్ భావాలను ఖండిస్తూ 'పబ్లికోలా' అనే మారుపేరుతో వచ్చిన వ్యాసాలు ఇందులోనివే. రాసింది ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అనుకుని చాలామంది మండిపడ్డారు. నిజానికి రాసినవాడు ఆయన కొడుకు, అప్పటికి 24 ఏళ్లు కూడా నిండని న్యాయవాది జాన్ క్విన్సీ ఆడమ్స్. 1793లో ఫ్రెంచి రాయబారి జెనే ధోరణిని విమర్శించిన వ్యాసాలు కూడా ఆయనవే, ఈ పత్రికలోనే వచ్చాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్ ఆయనను నెదర్లాండ్స్‌కు రాయబారిగా పంపడంలో ఆ వ్యాసాలకు పాత్ర ఉందని చరిత్రకారులు ఒప్పుకుంటారు. పేరు ఇవ్వనిదే వ్యతిరేకుల రాతలు వేయనన్న సంపాదకుడే తన పక్షపు యువకుడి మారుపేరును ఎంత భద్రంగా కాపాడాడో గమనించండి. ఫ్రాన్సు నుంచి ప్రవాసం వచ్చిన టాలీరాండ్, తరువాత రాజైన లూయీ ఫిలిప్ కూడా రసెల్ కార్యాలయానికి వచ్చిపోయేవారని, లూయీ ఫిలిప్ ఇచ్చిన పటాల పుస్తకం ముందు పెట్టుకుని ఐరోపా యుద్ధ వార్తలను ఆయన మిగతావారికంటే స్పష్టంగా రాసేవాడని చెబుతారు.

ఎదుటిపక్షం పత్రిక 'ఇండిపెండెంట్ క్రానికల్'. ఆ రెంటి మధ్య వాదం అక్షరాలతో ఆగలేదు. క్రానికల్‌లో 'హొనెస్టస్' పేరుతో రాసే బెంజమిన్ ఆస్టిన్ ముఖాన రసెల్ ఒకసారి ఉమ్మివేశాడు. ఆస్టిన్ దావా వేస్తే న్యాయస్థానం స్వల్ప పరిహారం ఇప్పించింది. ఇలాంటి మనిషిని సౌమ్యుడైన పత్రికాపితామహుడిగా చిత్రించే వ్యాసాలు చూస్తే నాకు నవ్వొస్తుంది. అంతకంటే గంభీరమైన విషయం 1798, 1799లలో జరిగింది. కేంద్ర ప్రభుత్వం మీద రాసే విమర్శను నేరంగా చూసే రాజద్రోహ చట్టం కింద క్రానికల్ సంపాదకుడు థామస్ ఆడమ్స్ మీద కేసు పెట్టారు. విచారణ జరగకముందే ఆయన చనిపోయాడు. ఆ చట్టాన్ని ఖండించిన వర్జీనియా రాష్ట్ర తీర్మానాలను తిరస్కరించిన మాసచూసెట్స్ శాసనసభను ఆ పత్రిక విమర్శించినందుకు ఆయన సోదరుడు, పత్రిక జమాఖర్చులు చూసే అబైజా ఆడమ్స్‌కు రాష్ట్ర న్యాయస్థానం ముప్పై రోజుల జైలుశిక్ష వేసింది. పత్రికా స్వేచ్ఛ రాష్ట్ర స్వాతంత్ర్యానికి అత్యవసరమని 1780 నాటి మాసచూసెట్స్ రాజ్యాంగమే చెబుతుంది. ఆ వాక్యం ఉండగానే ఇది జరిగింది.

ఎదుటిపక్షమైన రిపబ్లికన్ల (ఈనాటి రిపబ్లికన్ పార్టీ కాదు) నాయకుడు జెఫర్సన్ అధ్యక్షుడైన 1801 మార్చి 4న సెంటినెల్ ఒక సమాధిఫలకం తరహా రచన అచ్చువేసింది. లక్షలాది కృతజ్ఞులైన అమెరికన్లను దుఃఖంలో ముంచి నిన్న ఫెడరల్ ప్రభుత్వం పరమపదించిందని, దాని వయసు పన్నెండేళ్లని, చావుకు కారణం విదేశీ, స్వదేశీ దుర్నాయకుల కుట్రలని అందులో రాశారు. ఓడిపోయిన పార్టీ పత్రిక ఆ ఓటమిని కూడా చందాదారుడు దాచుకునే కాగితంగా మార్చగలిగింది. కేంద్రంలో అధికారం పోయాక న్యూ ఇంగ్లండ్ ఫెడరలిస్టులకు రాష్ట్ర శాసనసభే కోట అయింది. రసెల్ అందులోకి అడుగుపెట్టింది ఆ నేపథ్యంలోనే.

1805లో బోస్టన్ ఆయనను ప్రతినిధుల సభకు ఎన్నుకుంది. 1821 వరకు ఏటేటా ఎన్నికవుతూ వచ్చాడు. 1828 నుంచి 1835 వరకు మరోసారి సభలో ఉన్నాడు. మధ్యలో శాసనసభలోని రెండవ సభ అయిన రాష్ట్ర సెనేట్‌లోనూ కూర్చున్నాడు. ఇక్కడ మీ మొదటి ప్రశ్నకు నేరుగా వస్తాను. నాటి మాసచూసెట్స్ శాసనసభ మనం ఈ రోజు ఊహించుకునే వృత్తి రాజకీయుల సభ కాదు. ప్రతి ఊరూ జనాభాను బట్టి ప్రతినిధులను పంపేది, ఎన్నిక ఏడాదికొకసారి జరిగేది, బోస్టన్ వంటి పెద్ద ఊరికి ఒకేసారి పెద్ద బృందమే దక్కేది. సభ సమావేశాలు ఏడాదిలో కొన్ని వారాలపాటే జరిగేవి. మిగతా కాలం సభ్యుడు తన దుకాణంలోనో పొలంలోనో ఓడరేవులోనో ఉండేవాడు. వర్తకుడు వర్తకాన్ని, న్యాయవాది న్యాయవాదాన్ని వదులుకోకుండా సభకు వచ్చినప్పుడు, ముద్రాపకుడు మాత్రం పత్రికను వదులుకుని రావాలని అడిగే ప్రాతిపదిక ఎవరికీ కనిపించలేదు.

రెండవ కారణం పత్రిక గురించిన అవగాహన. పాఠకుడు సెంటినెల్‌ను తెరిచినప్పుడు నిష్పాక్షిక సమాచారం కోసం తెరవలేదు. అది ఫెడరలిస్టు పత్రికని ఊరంతటికీ తెలుసు; రెండో మాట వినదలచినవాడు క్రానికల్ కొనుక్కునేవాడు. చట్టాల ముద్రణ, ప్రభుత్వ ప్రకటనలు గెలిచిన పార్టీ అభిమాన ముద్రాపకులకు దక్కడం, పార్టీ మారితే ఆ పని కూడా చేతులు మారడం రెండు పక్షాలూ ఒప్పుకున్న ఆనవాయితీ. కాబట్టి నాటివారు తప్పుపట్టలేదా అంటే, ఆ పక్షపాతాన్ని రోజూ తప్పుపట్టారు, ఆ ద్విపాత్రను పట్టలేదు. నా అభిప్రాయం అడిగితే, దాచని పక్షపాతం దాచిన పక్షపాతం కంటే మేలే. కాని ఎదుటి పత్రికకు జైలు, తన పత్రికకు శాసనసభ స్థానం దొరికే ఏర్పాటును స్వేచ్ఛ అని పిలవడానికి నేను సిద్ధంగా లేను.

మూడవది, చాలామంది వదిలేసేది: ఆయన ఓట్లు పత్రిక నుంచి మాత్రమే రాలేదు. మాసచూసెట్స్ చేతివృత్తులవారి ధార్మిక సంఘానికి రసెల్ 1808 నుంచి 1817 వరకు అధ్యక్షుడు. దాని మొదటి అధ్యక్షుడు పాల్ రివియర్. గ్రీన్ డ్రాగన్ సత్రంలో కూర్చున్న వర్గమే అది. బోస్టన్ ఫెడరలిస్టు నాయకత్వం ఎక్కువగా హార్వర్డ్‌లో చదివిన న్యాయవాదులది, ధనిక వర్తకులది. వారికీ చేతిపనివారికీ మధ్య వంతెనగా నిలబడగలిగినవాడు సిరా చేతుల రసెలే. ఊళ్లో ఆయనను అందరూ 'మేజర్ బెన్' అని పిలిచేవారు. వేదాంతులూ పండితులూ నిండిన పార్టీకి అలాంటి పిలుపు ఉన్న మనిషి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న. 1812 ఫిబ్రవరి 11న గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెరీ సంతకం చేసిన చట్టం రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాలను రిపబ్లికన్లకు అనుకూలంగా వంకరటింకరగా గీసింది. ఎసెక్స్ కౌంటీలోని ఒక నియోజకవర్గం ప్రాకుతున్న జంతువులా ఉంది. రసెల్ ఆ పటాన్ని తన కార్యాలయం గోడకు తగిలించాడని, చిత్రకారుడు గిల్బర్ట్ స్టువర్ట్ వచ్చి దానికి తల, రెక్కలు, గోళ్లు గీసి ఇది సాలమాండర్ (బల్లిలాంటి జంతువు) అన్నాడని, రసెల్ వెంటనే గవర్నర్ పేరు కలిపి జెరీమాండర్ అనమన్నాడని బకింగ్‌హామ్ కథ. చక్కని కథే. కాని ఆ బొమ్మ, ఆ మాట అచ్చులో కనిపించినది 1812 మార్చి 26న, అదీ 'బోస్టన్ గెజెట్' పత్రికలో, సెంటినెల్‌లో కాదు. అంత మంచి మాట తన గదిలోనే పుట్టి ఉంటే రసెల్ దాన్ని పోటీ పత్రికకు వదిలిపెట్టేవాడా? చిత్రకారుడు కూడా స్టువర్ట్ కాదని, ఎల్కనా టిస్‌డేల్ అయి ఉంటాడని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తారు. కాబట్టి మాటను పుట్టించిన ఘనతను ఆయనకు రాసివ్వవద్దు. ఆ చట్టం ఫలితం మాత్రం లెక్కల్లో ఉంది: ఆ వసంతంలో సెనేట్ ఎన్నికల్లో ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, రిపబ్లికన్లకు 50,164 ఓట్లు వచ్చాయి, స్థానాలు వరుసగా 11, 29. గవర్నర్ పదవి, ప్రతినిధుల సభ ఫెడరలిస్టులకే దక్కడంతో మరుసటి ఏడాది ఆ విభజన రద్దయింది. ఇదే జెరీ ఆ ఫిబ్రవరిలోనే బోస్టన్ పత్రికల్లో వచ్చిన దూషణలను ప్రభుత్వ న్యాయాధికారులతో లెక్కపెట్టించి శాసనసభకు సమర్పించాడు. వాటిలో అత్యధికం ఫెడరలిస్టు పత్రికలవని తేలింది. ఆ నివేదిక చదివిన సభలో అలాంటి ఒక పత్రిక సంపాదకుడు సభ్యుడిగా కూర్చుని ఉన్నాడు.

1812లోనే మొదలైన ఇంగ్లండుతో యుద్ధాన్ని న్యూ ఇంగ్లండ్ ఫెడరలిస్టులు మొదటినుంచీ వ్యతిరేకించారు. ఓడల వ్యాపారం చచ్చిపోయింది, తీరం రక్షణ లేకుండా ఉంది. 1814 అక్టోబరులో మాసచూసెట్స్ శాసనసభ యుద్ధం మీద తమ ఫిర్యాదులను చర్చించడానికి పొరుగు రాష్ట్రాలను కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ సమావేశానికి ఆహ్వానించింది. కనెక్టికట్, రోడ్ ఐలండ్ ఒప్పుకున్నాక, నవంబరు 9 సెంటినెల్ పెద్ద అక్షరాలతో శీర్షికలు పెట్టింది: కొత్త ఫెడరల్ భవనానికి రెండవ స్తంభం లేచింది, మూడవ స్తంభం లేచింది. ఇరవయ్యారేళ్ల కింద పదమూడు రాష్ట్రాల ఐక్యతకు వాడిన ఆ స్తంభాలనే ఇప్పుడు ఆ ఐక్యత నుంచి పక్కకు జరిగే కూటమికి వాడాడు. పాత పాఠకులకు ఆ సంకేతం అర్థం కాకపోదు. రసెల్ నిజంగా విడిపోవాలనే కోరాడా, కేంద్రాన్ని బెదిరించడానికే అన్నాడా అన్నది చర్చించవచ్చు. సమావేశంలో పాల్గొన్న పెద్దలు జాగ్రత్తగా, మధ్యేమార్గపు తీర్మానాలతో ముగించారు. ఆ శీర్షిక మాత్రం వారికంటే చాలా ముందుకు పోయింది. ఆయన నేర్పు ఆయనకే ఎదురుతిరిగిన సందర్భంగా నేను దీన్ని చదువుతాను: రూపం ఇవ్వడంలో సిద్ధహస్తుడు, తాను ఇచ్చిన రూపం ఎంత దూరం పోతుందో చూసుకోలేదు. రిపబ్లికన్లు ఆ శీర్షికను చాలాకాలం ఎత్తిచూపారు.

అదృష్టవశాత్తు శాంతి వార్త త్వరగానే వచ్చింది. 1815 ఫిబ్రవరి 13 ఉదయం ఎనిమిది గంటలకు సెంటినెల్ కార్యాలయం నుంచి ఒక కరపత్రం వెలువడింది: న్యూయార్క్ నుంచి ముప్పైరెండు గంటల్లో అందిన మహా సంతోషవార్త. గుర్రాల మీద మారుతూ వచ్చిన ఆ వేగం నాటి కాలానికి గొప్పది. నగరమంతా గంటలు మోగించింది. రెండేళ్ల తరువాత, 1817 జూలైలో, రిపబ్లికన్ అధ్యక్షుడు జేమ్స్ మన్రో బోస్టన్ వచ్చినప్పుడు పాత ఫెడరలిస్టులే ముందుండి స్వాగతం పలికారు. ఆ సందర్భంగా జూలై 12 సంచికలో రసెల్ పెట్టిన శీర్షిక 'సద్భావనల యుగం'. ఆ మాట అమెరికా చరిత్రపుస్తకాల్లో ఒక కాలానికే పేరుగా స్థిరపడింది. జెరీమాండర్ ఘనత తీసేసినా ఇది నిస్సందేహంగా ఆయన పత్రికదే. అయితే దాన్ని తీయని మాటగా మాత్రమే చదవకండి. కేంద్రంలో ఓడిపోయి, హార్ట్‌ఫర్డ్ తరువాత పరువు పోగొట్టుకున్న పార్టీ గౌరవంగా వెనక్కి తగ్గడానికి దొరికిన మాట అది. ఆ యుగం నిజంగా ఎంత సద్భావనతో గడిచిందన్నది వేరే సంగతి. మన్రో రెండవ పదవీకాలం ముగిసేసరికి ఆయన పార్టీయే ముక్కలైంది.

1828లో రసెల్ పత్రికను అమ్మేశాడు. అప్పటికి దాన్ని నడిపి నలభైనాలుగేళ్లు దాటాయి. 1840లో అది 'బోస్టన్ డైలీ అడ్వర్టైజర్'లో కలిసిపోయింది. పత్రిక వల్లే ఆయనకు శాసనసభ స్థానం దక్కిందన్న వాదనకు బలమైన పరీక్ష ఇక్కడే ఉంది: పత్రిక చేతిలో లేని ఆ సంవత్సరాల్లో, తన పార్టీ పేరు కూడా మిగలని రోజుల్లో, బోస్టన్ ఆయనను 1835 దాకా ప్రతినిధుల సభకు పంపుతూనే ఉంది, ఆ తరువాత రాష్ట్ర కార్యనిర్వాహక మండలిలో కూడా పనిచేశాడు. 1845 జనవరి 4న, 83 ఏళ్ల వయసులో, బోస్టన్‌లోనే చనిపోయాడు.